తొక్క తీయని గుండు

మా పెద్దమ్మ సుత్తి చేత పట్టిందంటే ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. గాజు పగిలిన చప్పుడు ఒకసారి వినబడితే, పాపం ఏ గ్లాసో చేయి జారిందనుకుంటాం. పొద్దున్నే వరసగా ఫెళ్ళు ఫెళ్ళున వినబడుతుంటే ఆ ఇంట్లో ఎవరో ఎవరినో చంపేస్తున్నారనే అనుకుంటాం. వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు పరిగెత్తుకొచ్చి గేటు పట్టుకుని లోపలికి తొంగి చూసేవాళ్ళు. పెరట్లో మా పెద్దమ్మ పీట మీద కూర్చుని ఉండేది. కళ్ళకు పెద్ద అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ఎదురుగా గోనెపట్టా కప్పిన గుండ్రటి ఆకారం ఒకటి. దాని నెత్తిన సుత్తితో దబదబా బాదుతూనే, గేటు దగ్గర మనిషిని చూసి, "ఏం లేదమ్మా, పురుడు పోస్తున్నా," అనేది.

పట్టా తీసి గాజు పెంకులన్నీ ఏరి పక్కన పడేస్తే లోపలి నుంచి నున్నటి బూడిదరంగు సిమెంటు గుండు బయటికొచ్చేది. తోటల్లో, గేటు స్తంభాల మీద, పూలమొక్కల మధ్య పెట్టుకుంటారే, అవే. దీపాలకు బిగించే పాత గాజు గ్లోబులు తెచ్చి, లోపల నూనె రాసి, సిమెంటు, ఇసుక కలిపిన మాలు వాటినిండా కూరి, గాలి బుడగలు పోయేదాకా అరచేత్తో తట్టి, ఇసుక బకెట్లో కదలకుండా నిలబెట్టేది. గట్టిపడ్డాక గాజు పగలగొట్టడమే. తర్వాత గుండును నీళ్ళ తొట్టిలో నానబెట్టి, గరుకు రాయితో రుద్దేది. ఊళ్ళో మొక్కలమ్మే ఆయన వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఒకసారి ఆయన నోటి దురదకొద్దీ, "మీ గుండ్లు మీలాగే ఉన్నాయండీ, గుండ్రంగా," అన్నాడు. చేతిలో ఉన్న తడి మాలు ముద్ద తిన్నగా ఆయన ముఖాన పడింది. మళ్ళీ ఎప్పుడొచ్చినా గేటు బయటి నుంచే మాట్లాడేవాడు.

వీధంతా ఆవిణ్ణి గుండ్లావిడ అనేవాళ్ళు. అంత ముద్దుగా ఉన్న ఆ గుండ్లు ఎలా పుట్టాయో కొనేవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. అవి భయంలో పుట్టాయి.

మా పెదనాన్న తాపీమేస్త్రి. ఆయన కట్టిన గోడకు వంక పెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆయన చేతికి మాత్రం అదుపు లేదు. అన్నం మెత్తబడితే ఒక దెబ్బ, గట్టిపడితే ఒక దెబ్బ, సరిగ్గా ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకిలా వండలేదని ఒక దెబ్బ. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆయన గోడలు మంచివి. అంతకు మించి నా నోట రాదు.

ఒకరోజు పెరటి గోడకు పూత వేస్తూ పెద్దమ్మను మాలు కలపమన్నాడు. నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయి. పార తిరగేసి, దాని కర్రతో ఆమె ఎడమ చేతి మీద కొట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. అదే సమయానికి పని ఉందని ఎవరో పిలిస్తే, చెప్పులు తొడుక్కుంటూ, "నేనొచ్చేసరికి తట్టలో మాలు కనబడిందా, రెండో చెయ్యి కూడా విరుగుద్ది," అని వెళ్ళిపోయాడు. వృథా అంటే ఆయనకు ఒళ్ళుమంట. నీళ్ళెక్కువైన మాలు గోడకు ఎక్కదు. పెరట్లో పారబోస్తే కనబడుతుంది. తట్ట ఎత్తి బయట పడేద్దామంటే చెయ్యి లేదు. వదిలేస్తే గట్టిపడుతుంది. గోడవార ఆయనే ఎక్కడో పడగొట్టిన హాల్లోంచి మోసుకొచ్చిన గాజు గ్లోబులు పడి ఉన్నాయి. విరిగిన చేతిని కడుపుకు అదుముకుని, రెండో చేత్తో గుప్పెడు గుప్పెడుగా ఆ మాలంతా గ్లోబుల్లో కూరి, మీద గోనెలు కప్పి, తట్ట కడిగి బోర్లించింది. ఆ తర్వాతే స్పృహ తప్పింది.

మర్నాడు పెదనాన్న గోనె తీసి చూడనే చూశాడు. "నాకే దొంగనాటకాలా?" అని సుత్తి ఎత్తి ఒక గ్లోబు మీద బలమంతా పెట్టి కొట్టాడు. గాజు పేలిపోయింది. పెంకు ఎగిరి ఆయన గడ్డమే తెగింది. లోపలిది మాత్రం దొర్లుకుంటూ వెళ్ళి పెద్దమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. "అంత దెబ్బకి దానికి గీత కూడా పడలేదే!" అని పెద్దమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా కొత్తగా ఆశ్చర్యపోయేది.

పెదనాన్న పరంజా మీంచి పడి చనిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చేసరికి పెద్దమ్మ పెరట్లో మాలు కలిపి ఉంది. ఒక్కసారి వచ్చి ముఖం చూసింది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి, ఉన్న మాలంతా గ్లోబుల్లోకి ఎక్కించి, చేతులు కడుక్కుని అప్పుడు వచ్చి కూర్చుంది. కంట చుక్క లేదు. "మొగుడు పోతే సిమెంటు పని చేసుకునే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నా," అని పెదనాన్న చెల్లెలు సాగదీసింది. మా అమ్మ లేచి ఆవిడ జుట్టు పట్టుకుంది. శవం ముందు ఇద్దరూ కొట్టుకుంటుంటే విడదీయడానికి నలుగురు పట్టారు. పెద్దమ్మ మాత్రం మెల్లగా, "మాలు గట్టిపడిపోద్ది కదే," అంది. దానికేదో సంజాయిషీ చెప్పుకోవాలన్నట్టు.

ఇక మా అన్న. పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు వాడి కాలికి బంతి తప్ప మరో ధ్యాస లేదు. వెనక్కి నాలుగడుగులు వేసి, భుజం వంచి తన్నాడంటే బంతి పక్కవీధిలో తేలేది. గ్లోబులు దొరకని రోజుల్లో వాడి చిల్లుపడ్డ బంతులే పెద్దమ్మకు అచ్చులయ్యాయి. గాలి పట్టేచోట కోసి, మాలు నింపి, అడుగు చదునుగా అవకుండా ఇసుకలో కూర్చోబెట్టేది. గట్టిపడ్డాక పైన రబ్బరును పండు తొక్కలా ఒలిచేసేది. బంతి పోయిందని వాడు దొర్లి దొర్లి ఏడిచేవాడు. అందుకే వాడికి ప్రాణమైన ఎర్ర బంతి జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. గాలి పోయి చొట్టలు పడ్డా, అది అటక మీద భద్రంగా ఉండేది.

వాడు పెరిగాడు. సరుకుల వ్యాను నడిపే పనిలో చేరాడు. పెళ్ళయింది. తండ్రి చేతిలో ఉన్న రోగం వీడికి కాల్లోకి దిగింది. దానికీ ఒక వరస ఉండేది. ముందు వస్తువు, తర్వాత మనిషి. కోపం వస్తే వసారాలో చేతికందే, కాదు, కాలికందే బకెట్టునో కుర్చీనో ఒక్క తన్ను తన్నేవాడు. ఆ చప్పుడుతో ఒంట్లోకి ఊపు వచ్చేది. ఆ తర్వాత వదిన మీదికి వెళ్ళేవాడు. వాళ్ళ ఇంట్లో చొట్ట లేని బకెట్టు ఉండేది కాదు.

వదిన నోట్లో నాలుక లేని మనిషి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెద్దమ్మ పక్కన కూర్చుని గుండ్లు రుద్దేది. గరుకు రాయి పట్టుకుంటే పెద్దమ్మ కన్నా నున్నగా తేల్చేది. "నా చేతికింద ఇంతమంది పనిచేశారు గానీ, నీలాంటిది రాలేదే," అని పెద్దమ్మ మురిసిపోయేది. ఆ చేతికింద ఎవరూ పనిచేయలేదన్న సంగతి వదినకు తెలుసు. అయినా నవ్వేది.

ఒకసారి వాడు తన్నిన తన్నుకు పక్కటెముకలు విరిగి ఆసుపత్రిలో పడుకుంది. అడిగిన డాక్టరుకు మెట్లమీంచి పడ్డానని చెప్పింది. ఆ ఇంటికి మెట్లే లేవు. ఇంకోసారి పెద్దమ్మ అడ్డం వెళితే, ఆమెను తోసేశాడు. తొట్టి అంచు తగిలి నుదురు చిట్లింది, కుట్లు పడ్డాయి. నేనే వదినను పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళాను. వాణ్ణి పిలిపించారు, కాసేపు కూర్చోబెట్టారు, భార్యాభర్తలన్నాక సర్దుకుపోవాలన్నారు, టీ తాగించి పంపారు. ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. రాస్తే నా చెయ్యి ఊరుకోదు.

పారిపోదామని కూడా చూసింది. వాళ్ళక్క వేరే ఊళ్ళో ఉంటుంది. కట్టుబట్టలతో బస్సెక్కింది. వాడు మోటారు సైకిల్ మీద వెంటబడి, బస్సుకు అడ్డం పెట్టి, లోపలికెక్కి జుట్టు పట్టి కిందికి ఈడ్చాడు. బస్సు నిండా జనం. ఒక్కడు లేవలేదు. ఇంటికి తెచ్చి గేటు వేసి, అందరికీ వినబడేలా, "ఈసారి గడప దాటితే పాడె మీదే," అన్నాడు. ఉత్తి మాట కాదని నాకు తెలుసు. అంతకుముందు రోజే వాడు వదిన మెడ మీద కాలు పెట్టి నిలబడటం పెద్దమ్మ కళ్ళారా చూసింది.

నేను ఎదురు వరసలో బట్టలు కుడతాను. ఆ మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి కూర్చుని, చాలాసేపు మిషను వంక చూస్తూ, "పరుగులో వాడితో మనం గెలవమే," అంది పెద్దమ్మ. "దీన్ని వాడు చంపేస్తాడు. నేను బతికుండగానే చంపేస్తాడు."

"మరేం చేద్దాం?"

"నువ్వు రేపు వాడు అన్నానికొచ్చే వేళకి రా. నీ స్కూటరులో పెట్రోలు ఉంచు," అని మాత్రం చెప్పి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి వసారా బోసిగా ఉంది. కుర్చీ లేదు, స్టూలు లేదు, బకెట్టు లేదు. చెప్పుల స్టాండు పెరట్లోకి పోయింది. మొక్కల కుండీలు కూడా గోడవతలికి చేరాయి.

"ఏంటి పెద్దమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"

"కడుగుదామని," అంది నా వంక చూడకుండా.

గడప పక్కన ఒక్కటే వస్తువు ఉంది. ఎర్ర బంతి. చొట్టలు పోయి గుండ్రంగా, కొత్తదానిలా ఉంది. ముచ్చటేసి పైకి తీయబోయాను. అంగుళం కదల్లేదు. అప్పుడు చూశాను, గాలి పట్టేచోట కోసి, మళ్ళీ అదే రంగు రబ్బరు ముక్క అతికించి ఉంది. తలెత్తి చూస్తే పెద్దమ్మ తొట్టి దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"ముట్టుకోకు. వెళ్ళి పెరటి గుమ్మంలో కూర్చో. స్కూటరు తాళం చేతిలోనే ఉంచుకో," అంది.

వాడొచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. అన్నం తిన్నాడు. ఫోను చూసుకున్నాడు. ఛార్జింగ్ లేదు. పొద్దున వదినకు పెట్టమని ఇచ్చాడట, ఆమె వైరు పెట్టింది గానీ స్విచ్చి వేయడం మరిచిపోయింది. అంతే. లోపల పళ్ళెం గోడకు కొట్టుకున్న చప్పుడు వినబడింది. వదిన వసారాలోకి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే వాడు వచ్చి జుట్టు చుట్టి పట్టుకున్నాడు.

"నా మాటంటే అంత లెక్కలేనిదైపోయిందా? ఆఁ? చెప్పవే!"

"మర్చిపోయానండీ, చూసుకోలేదండీ..."

వాడి కళ్ళు అలవాటుగా వసారా అంతా వెతికాయి. బకెట్టు ఉండేచోట బకెట్టు లేదు. కుర్చీ లేదు. తన్నడానికి ఏమీ కనబడక క్షణంపాటు తికమకపడ్డాడు. బంతి వాడి వెనకపక్కన ఉండిపోయింది. వాడు దాన్ని చూడలేదు. వస్తువు దొరకలేదు కాబట్టి నేరుగా మనిషి మీదికే వెళ్ళబోయాడు. జుట్టు వదలకుండానే వదినను కిందికి తోసి కాలు వెనక్కి లాగాడు. నేను లేచాను.

"ఒరేయ్," అంది పెద్దమ్మ.

అరవలేదు. అన్నానికి పిలిచినట్టే పిలిచింది. వాడు తల తిప్పాడు.

"ఆ బంతి కాళ్ళకి అడ్డంగా ఉంది. కాస్త తీసి పక్కన పెట్టరా."

వాడు బంతిని చూశాడు. తల్లిని చూశాడు. "ఇప్పుడా? నా బతుక్కి ఇంకో పని లేదా? ఇంట్లో ప్రతిదీ నాకే చెప్పాలా?" అంటూ వదిన జుట్టు వదిలేశాడు. చిన్నప్పటిలాగే వెనక్కి నాలుగడుగులు వేశాడు. భుజం వంచాడు. ఒంట్లో ఉన్న కోపమంతా కాల్లోకి తెచ్చుకుని పరిగెత్తుకొచ్చి తన్నాడు.

గాజు పగిలే చప్పుడు నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. పచ్చి కొమ్మను మోకాలికి పెట్టి విరిచినప్పుడు వస్తుందే, అలాంటి చప్పుడు. తర్వాత వాడి కేక. బంతి జానెడు దొర్లి ఆగింది. వాడు నేల మీద పడి పాదం పట్టుకుని గిలగిల కొట్టుకుంటున్నాడు. వేళ్ళు ఉండవలసిన వైపు లేవు. బొటనవేలి దగ్గర తోలు చీల్చుకుని ఎముక తెల్లగా బయటికొచ్చింది. వసారా నిండా నెత్తురు.

ఇక చూడండి ఆడదాని అలవాటు! నేల మీద నుంచి లేచిన వదిన గేటు వైపు పోలేదు. "అయ్యో, ఏవండీ!" అంటూ కొంగుతో వాడి కాలికి కట్టు కట్టడానికి వంగింది. వాడు ఆ నొప్పిలోనే చెయ్యి చాచి ఆమె మెడ అందుకోబోయాడు. పెద్దమ్మ ఒక్క అంగలో వచ్చి వదిన రెక్క పట్టి లాగి పక్కకు విసిరింది. ఆ విసురుకు వదిన గోడకు కొట్టుకుంది.

"కదలవే! నీ సంచి తొట్టి వెనకాల ఉంది. నీ బట్టలూ, కాగితాలూ అన్నీ పెట్టాను."

"అత్తయ్యా, ఆయనకి..."

"వాడికి నేనున్నాను. నిన్ను కనలేదు గానీ, చంపించుకోవడానికైతే పెంచుకోలేదు. పో!"

నేను వదినను స్కూటరెక్కించాను. వెనక నుంచి వాడి తిట్లు వినబడుతున్నాయి, వీధి మలుపు తిరిగేదాకా. దారంతా వదిన నా వీపుకు తల ఆనించే కూర్చుంది. వాళ్ళక్క ఊరి బస్సెక్కించాను. బస్సు కదిలాక కూడా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది, మోటారు సైకిల్ వస్తుందేమోనని. ఈసారి ఏ బండీ రాలేదు. కిక్కు కొట్టే కాలే విరిగింది మరి.

పెద్దమ్మ వాణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎలా జరిగిందమ్మా అని డాక్టరు అడిగితే, "బంతాట ఆడాడు బాబూ," అంది. ఆపరేషను చేసి లోపల కడ్డీలు పెట్టారు. తిరిగి తెచ్చాక వాడి మంచం పక్కనే చాప వేసుకుంది. ముద్దలు కలిపి పెట్టింది, ఒళ్ళు తుడిచింది, మలమూత్రాలకు పళ్ళెం పట్టింది. వాడు తిట్టినా, గ్లాసు విసిరినా నోరెత్తేది కాదు. కోడలు ఎక్కడుందో చెప్పమంటే మాత్రం లేచి పెరట్లోకి పోయి గ్లోబులు పగలగొట్టేది. పనికొచ్చే గ్లోబులు, మాలు నింపని ఉత్తి గ్లోబులు కూడా పగలగొట్టింది. మొక్కలాయన వచ్చి గేటు బయటి నుంచే, "ఏంటమ్మా, ఇలా అయితే గుండ్లు ఎప్పుడిస్తారు?" అన్నా సుత్తి ఆపలేదు.

వదిన వాళ్ళక్క ఊళ్ళో ఒక పనిలో కుదిరిందని, అక్కడి పోలీసుల దగ్గర ఫిర్యాదు కాగితం ఇచ్చిందని కబురు తెలిసింది. ఆ సంగతి చెబుదామని వెళ్ళిన రోజు పెద్దమ్మ వాడికి గంజి తాగిస్తోంది. వాడు చెంచా అడ్డం నెట్టాడు. ఎప్పటి కోపంతో కాదు. చాలా రోజుల నుంచి లోపల తిప్పుకుంటున్న మాట బయటికి తెస్తున్నట్టు ముఖం పెట్టాడు.

"అమ్మా, దాంట్లో సిమెంటు ఉందని నీకు తెలుసు కదా?"

"నేనే పోశాను కదరా."

"నా బంతిలో."

"నీ బంతిలోనే."

వాడు కాసేపు కట్టు కట్టిన కాలి వంక చూసుకున్నాడు. "నేనసలు దాన్ని చూడనేలేదు. నువ్వే పిలిచి చూపించావు. తన్నాలనే పెట్టినదానివి, తీసి పక్కన పెట్టమని ఎందుకన్నావు?"

పెద్దమ్మ గిన్నె కింద పెట్టింది. పెదనాన్న శవం ముందు ఏడవని మనిషి, నుదుటికి కుట్లు వేస్తుంటే ఏడవని మనిషి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చేత్తో తీస్తావేమోనని చూశాన్రా."